గంజీఫా మొదలు రమ్మీ వఱకు: చీట్లాటలో జ్ఞాపకము, పందెము

మా అంచెట్టి ప్రాంతమున ఒక వస్తువునకు మూడు పేళ్ళుండుట వింత కాదు. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళము, కొండ దాటినచో కన్నడము. చీట్ల విషయమునను అంతియే. తమిళులు వీనిని 'చీట్టు' అందురు. కన్నడిగులు 'ఇస్పీటెలె' అందురు. ఎలె యనగా ఆకు. తెలుగువారు కట్టనంతటిని 'పేక' అనియు, అందలి ఒక్కొక్క దానిని 'ముక్క' అనియు వ్యవహరింతురు. మూడు భాషలవారును ఒకే చాపపై కూర్చుండి ఆడునపుడు మాత్రము 'తురుపు' అను మాట అందఱి నోటను ఒక్కటే. ఆ మాట యెక్కడినుండి వచ్చినదో వెదకబోయి నేను ఈ వ్యాసమందలి విషయములను ప్రోగుచేసితిని.

పేకాట చరిత్రను పరిశోధన వ్యాసముగా వ్రాయుట కొందఱు పెద్దలకు రుచింపకపోవచ్చును. మా యింట అసలే రుచింపదు. నా చిన్నతనమున ఒక సంక్రాంతి పండుగకు మా మేనమామ మూడు ముక్కలాటలో రెండెకరముల మెట్టభూమిని పోగొట్టుకొనెను. నాటినుండి మా అమ్మ పేకను మా గడప దాటి లోనికి రానీయలేదు. అందుచేత నలువదేండ్లు నిండిన పిమ్మట గాని నేను ముక్కలను సరిగా చేతబట్టి యెఱుగను. పట్టిన పిదప తెలిసినదేమనగా, మా మామను ముంచిన ఆట వేఱు, చరిత్రలో రాజులును, పండితులును బుద్ధికి పదునుగా భావించి ఆడిన ఆట వేఱు. రెండును ఒకే కట్టతో ఆడదగినవి యగుటయే చిక్కంతటికిని మూలము.

భారతమున ధర్మరాజు ఓడినది పాచికల ద్యూతమున. చీట్లు మన దేశమునకు చాల తరువాత వచ్చినవి. బాబరు తన ఆత్మకథలో 1527వ సంవత్సరమున సింధుదేశపు షా హసన్ అర్ఘూనునకు గంజీఫా చీట్లను పంపినట్లు వ్రాసికొనెను. ఆతడు అవి కావలెనని కోరియుండెనట. మన దేశమున ఈ చీట్లను గూర్చిన తొలి ప్రస్తావనలలో ఇది ముఖ్యమైనది. అక్బరు కాలమునకు ఈ ఆట ఆస్థానమున స్థిరపడినది. అబుల్ ఫజల్ తన 'ఐనీ అక్బరీ' యందు పండ్రెండు రంగులు, రంగునకు పండ్రెండు చీట్లు, వెరసి 144 చీట్ల కట్టను వర్ణించెను. ప్రతి రంగునకును ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి మొదలు పది వఱకు అంకెల చీట్లు.

ఆ రంగుల పేళ్ళు తెలుగు చదువరి కన్నులకు చుట్టముల వలె కనబడును. అశ్వపతి, గజపతి, నరపతి! 'రాయవాచకము' చదివినవారికి ఈ మూడు సింహాసనములు పరిచితములే. మన సంప్రదాయమున నరపతి యనగా విజయనగర ప్రభువు. అబుల్ ఫజల్ మాత్రము అశ్వపతికి ఢిల్లీ పాదుషాను, గజపతికి ఓఢ్రరాజును చెప్పి, కాల్బలము గల నరపతికి బిజాపురపు సుల్తానులను దృష్టాంతముగా చెప్పెను. 1565లో తళ్ళికోట యుద్ధము ముగిసి అప్పటికి మూడు దశాబ్దములు కావచ్చినది. విజయనగర రాజు బిరుదు చీట్లకట్టలో బిజాపురమునకు మాఱిపోయినది! ఓడినవాని పేరు ఆటలో సైతము నిలువలేదు గదా అని నాకు చదివినప్పుడెల్ల మనసు చివుక్కుమనును. ఇది ప్రకృతము కాదు, కాని చెప్పక యుండలేకపోతిని.

తరువాత ఎక్కువగా వ్యాపించినది 96 చీట్ల కట్ట. దీనిలో ఎనిమిది రంగులు. కిరీటము, వెండినాణెము, కత్తి, బానిస యను నాలుగును బలమైన రంగులు. వీణ వంటి వాద్యము, బంగారునాణెము, పత్రము, సరకు అను నాలుగును బలహీనమైనవి. హిందూ రాజాస్థానములలో దీనికి మాఱుగా దశావతార గంజీఫా పుట్టినది. మత్స్యము మొదలు కల్కి వఱకు పది రంగులు, 120 చీట్లు. చీట్లు గుండ్రనివి. గుడ్డను చింతగింజల జిగురుతో అట్టవలె గట్టిపఱచి, సుద్ద పూసి, రంగులు వేసి, లక్కతో మెఱుగు పెట్టుట ఈ పనికి ప్రసిద్ధమైన పద్ధతి.

ఇక ఆడు తీరు. నేటి ఆటగాండ్రకు ఇది విడ్డూరముగా తోచును. ముగ్గురు కూర్చుందురు. 96 చీట్లను మువ్వురకును పంచినచో తలకు 32. తురుపు లేదు. వేసిన రంగునే వేయవలెనను నిర్బంధము సాధారణముగా లేదు. ఒక రంగులో అప్పటికి బయట పడక మిగిలినవానిలో ఏది పెద్దదో అది 'హుకుము'. హుకుము చేతనున్నవాడు దానిని వేసినచో తక్కిన ఇద్దఱును పనికిరాని చీట్లను పాఱవేయవలసినదే. చూడ తేలిక. కాని బలమైన రంగులలో రాజు, మంత్రి తరువాత పది పెద్దది, ఒకటి చిన్నది. బలహీనమైన రంగులలో రాజు, మంత్రి తరువాత ఒకటి పెద్దది, పది చిన్నది. కావున ఆటగాడు ఎనిమిది రంగులను మనసున నిలుపుకొని, నాలుగింటిని పైనుండి క్రిందికిని, నాలుగింటిని క్రిందినుండి పైకిని లెక్కించుచుండవలెను. చేతిలో బానిస రంగు మూడు ఉన్నది. ఆ రంగున రాజు, మంత్రి, పది మొదలు నాలుగు వఱకు అన్నియు పడిపోయినవా? పడినచో ఆ అల్పమైన మూడే ఇప్పుడు హుకుము. ఆ సంగతి జ్ఞాపకమున్నవాడు గెలుచును. మఱచినవాడు హుకుమును చేతబట్టుకొనియు దానిని చెత్తగా పాఱవేయును. ఎదుటివాని రాజును బయటికి రప్పించుటకై చిన్న ముక్కను బలి యిచ్చి, తరువాత తన మంత్రిని హుకుముగా చేసికొను ఎత్తుగడయు కొన్ని సంప్రదాయములలో కలదు.

మొదట ఎవరు వేయవలెననుటకు ఒక అందమైన నియమము కలదు. మొగలు కట్టలో పగలైనచో బంగారునాణెపు రాజు గలవాడు, రాత్రియైనచో వెండినాణెపు రాజు గలవాడు ఆరంభించును. దశావతార గంజీఫాలో పగలు రాముడు, రాత్రి కృష్ణుడు. సూర్యవంశము, చంద్రవంశము!

తెలుగునాట ఈ చీట్లను చిత్రించిన స్థలములలో నిర్మలయు, కర్నూలు సీమలోని నొస్సమును చెప్పదగినవి. నిర్మల నకాషీల కొయ్యబొమ్మలను, చిత్రములను ఎఱుగని తెలుగువాడు లేడు. వారి చేతిమీదుగా గంజీఫాయు వెడలినదని తెలిసినవారు అరుదు. నొస్సము నేటి నంద్యాల జిల్లా సంజామల మండలమున ఉన్నది. జర్మనీలో పుట్టి బొంబాయిలో స్థిరపడిన రుడాల్ఫ్ వాన్ లైడెన్ అను కళాభిమాని జీవితకాలము ఈ చీట్లను సేకరించి, 1982లో లండను నగరపు విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాల పక్షమున ఒక గ్రంథమును వెలువఱచెను. మన చీట్లను గూర్చి తెలిసికొనుటకు మనము ఆ పరదేశీయుని ఆశ్రయింపవలసియుండుట సంతోషకరము కాదు.

మా హోసూరు సీమకు అన్నిటికంటె దగ్గఱి గంజీఫా మైసూరుది. క్రిష్ణగిరి ప్రధానముగా గల బారామహలు 1792లో టిప్పు చేతినుండి కుంఫిణీవారికి చిక్కినది. మా హోసూరు మాత్రము 1799 వఱకు మైసూరులోనే యుండి, శ్రీరంగపట్టణము పడిన పిదప సేలము జిల్లాలో చేరినది. (1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో క్రిష్ణగిరి జిల్లాకును మాఱినది.) అదే 1799లో అయిదేండ్ల బాలుడైన మూడవ కృష్ణరాజ ఒడెయరు మైసూరు సింహాసనమున కూర్చుండెను. 1831లో ఆంగ్లేయులు రాజ్యపాలనమును ఆయన చేతినుండి తీసికొనిరి. రాజ్యము లేని రాజునకు దొరకిన తీరికను ఆయన సంగీతమునకు, చిత్రలేఖనమునకు, ఆటలకు వెచ్చించెను. ఆయన పేర వెలసిన 'శ్రీతత్త్వనిధి'లో కౌతుకనిధి యను భాగము కలదు. అందు 'చదము' అను చీట్లాటలు పదమూడు విధములు వర్ణింపబడినవి. వానిలో పెద్దదానికి 360 చీట్లు! అంత పెద్ద కట్టతో దర్బారు వెలుపల ఎవరైన ఆడియుందురని నేను తలపను. కాని ఒక సంగతి గమనింపదగినది. అక్బరు, కృష్ణరాజు ఇరువురును వచ్చిన కట్టతో తృప్తి నొందక, రంగులను మార్చి, ఆటనే క్రొత్తగా నిర్మించిరి. చీట్లాటలో ఎత్తుగడ ఆడునప్పుడే కాదు, కట్టను కూర్చునప్పుడే మొదలగునను భావమునకు ఇది బీజము. దీనిని మఱల ప్రస్తావింతును.

గంజీఫా ఎందుచేత నశించినది? ధర యనుటయే చాలును. ఒక్కొక్క చీటిని చేతితో చిత్రించు 96 చీట్ల కట్ట యెక్కడ, యంత్రముపై అచ్చొత్తిన 52 ముక్కల పేక యెక్కడ! థామస్ డి లా రూ అను నాతడు 1831లో లండనున చీట్లను రంగులతో అచ్చొత్తు పద్ధతికి హక్కుపత్రము పొందెను. ఆ పిమ్మట నకాషీ కుంచె నిలువలేకపోయినది.

ఐరోపా చీట్లు అంతకుముందే ఓడలమీద వచ్చియున్నవి. మన రంగుల పేళ్ళే ఇందుకు సాక్ష్యము. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. ఇస్పేటు పోర్చుగీసుల 'ఎస్పాడ'. కత్తి యని అర్థము. కళావరు డచ్చివారి 'క్లావర్'. ఆఠీను వారి 'హార్టెన్'. డైమను ఒక్కటియే ఆంగ్లేయులది. డచ్చివారు 1606 నాటికే మచిలీపట్టణమున కోఠీ పెట్టిరి. వారి భాషలో తురుపునకు 'ట్రూఫ్' అని పేరు. మా అంచెట్టి చాపపై మూడు భాషలవారు పలుకు 'తురుపు' ఆ రేవులలో దిగిన మాటయేయని నా ఊహ. ఆంగ్లేయుల 'ట్రంప్' నుండి వచ్చినదనువారును కలరు గాని, అట్లైనచో నడిమి సున్న యేమైనది? డచ్చివారి కోటలు పోయినవి, ఓడలు పోయినవి. వారి మాటలు తెలుగు పల్లెల రచ్చబండపై మిగిలినవి.

తురుపు వచ్చుటతో ఆట స్వభావము మాఱినది. గంజీఫాలో ప్రతి రంగును స్వతంత్ర రాజ్యము. తురుపు గల ఆటలో ఒక రంగు తక్కినవానిపై అధికారము చెలాయించును. రాజును సైతము తురుపు రెండు కొట్టును. మా వైపు నలుగురు జంటలై ఆడు 'ఇరువదియెనిమిది'లో జాకీకి మూడు, తొమ్మిదికి రెండు, ఆసునకును పదికిని ఒక్కొక్కటి విలువ. రాజునకు, రాణికి సున్న. రాజును ఇంత హీనపఱచిన ఆటను అక్బరు మెచ్చియుండడు. పాట పాడినవాడు తురుపును బోర్లించి దాచును. అది యేదియో తక్కినవారు పడిన ముక్కలను బట్టి ఊహింపవలెను. ఇక్కడ జ్ఞాపకమునకు తోడు అనుమానము చేరినది.

ఇప్పుడు రమ్మీ. తెలుగునాట పేకాట యనిన నేడు రమ్మీయే. రెండు పేకలు కలిపి తలకు పదమూడు ముక్కలు పంచి, వరుసలు కూర్చు ఆట ఇది. ఒక ముక్క తీసికొనవలె, ఒకటి విడువవలె. విడుచుటలోనే విద్య యంతయు ఉన్నది. ఒకే రంగున మూడు ముక్కల వరుసకు ఏడు మూడు విధముల పనికివచ్చును: ఐదు-ఆఱు-ఏడు, ఆఱు-ఏడు-ఎనిమిది, ఏడు-ఎనిమిది-తొమ్మిది. రాజు రెండు విధములనే పనికివచ్చును. పైగా ఓడినచో రాజునకు పది లెక్క. కావున జత లేని బొమ్మముక్కలను ముందుగా విడుచుట, నడిమి ముక్కలను పట్టియుంచుట ప్రథమ సూత్రము. ఎదుటివాడు ఏమి తీసెను, ఏమి విడిచెను, దేనిని చూచి తీయక ఊరకుండెను అని గమనించుట రెండవది. తనకు కావలసిన ముక్కను ఎదుటివానిచేత విడిపించుటకై దాని ప్రక్క ముక్కను ఎరగా వేయుట మూడవది. ఏమియు లేని చెయ్యి పడినప్పుడు మొదటనే దించివేసి చిన్న నష్టముతో బయటపడుట అన్నిటికంటె కష్టము. ఎక్కువమంది పాడగునది దానిని నేర్వకయే.

మా ప్రాంతమున ఎనుబదేండ్ల వృద్ధు డొకాయన నాకు ఈ ఆట నేర్పెను. ఒకనాడు ఆట ముగియగానే విడిచిన ముక్కల కుప్పను బోర్లించి, "అడుగు అయ్యవారా, యేది ముందు, యేది వెనక?" అనెను. మొదటినుండి చివఱివఱకు ఎవరు యే ముక్క వేసిరో వరుసగా చెప్పెను. నేను కుప్ప త్రిప్పి చూచుచుంటిని. ఒక్కచోట తడబడి, మఱల తానే దిద్దుకొనెను. ఆయనకు చదువు రాదు. గంజీఫా పేరైనను వినలేదు. కాని 32 చీట్లు చేతబట్టి హుకుమును లెక్కించిన ప్రాచీనుల విద్యయే ఆయనకు అబ్బినదని నేననుకొంటిని.

ఈ విద్య విద్యయేనా, జూదమా యను వివాదము తెలుగునాటనుండియే సర్వోన్నత న్యాయస్థానమునకు వెళ్ళినది. 1963లో సికింద్రాబాదునందలి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు పడి, రమ్మీ యాడుచున్నవారిని నాటి హైదరాబాదు జూద చట్టము క్రింద పట్టుకొనిరి. మేజిస్ట్రేటు శిక్ష వేసెను. హైకోర్టు దానిని కొట్టివేసెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అప్పీలు చేసెను. 1967 నవంబరు 22న న్యాయమూర్తి హిదాయతుల్లా తీర్పు చెప్పెను. రమ్మీ మూడు ముక్కలాట వలె కేవలము అదృష్టముపై ఆధారపడినది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, ఏది పట్టవలె, ఏది విడువవలె అని నిర్ణయించుటకును నేర్పు కావలెననియు, ముక్కలు పంచుటలోని అదృష్టము బ్రిడ్జి ఆటలోనిదాని వంటిదే యనియు ఆ తీర్పు సారాంశము. క్లబ్బువారు ఆటపై లాభము గుంజినచో అది వేఱు సంగతి యనియు అందులోనే యున్నది. మా వృద్ధుడు చూపిన విద్యకు ధర్మాసనము వేసిన ముద్ర ఇది. మా మేనమామ ఆడిన మూడు ముక్కలాట ఆవలి గట్టుననే నిలిచినది.

అయితే నేర్పు గల ఆట యగుటచేత దానిపై ధనము పెట్టవచ్చునా? తరువాతి వివాదమంతయు దీనిపైననే. రమ్మీ చేతిఫోనులలోనికి చేరిన పిమ్మట చాపపై ఉన్న కట్టుబాటు పోయినది. చాపపై ఎదుటివాని ముఖము కనబడును, తెల్లవాఱును, ఇంటివారు వచ్చి పిలుతురు. ఫోనునకు తెల్లవాఱదు. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమ చట్టములను సవరించి అంతర్జాలపు పందెపుటాటలను నిషేధించినవి. తమిళనాటి 2021 చట్టమును మదరాసు హైకోర్టు కొట్టివేసెను. మఱల 2022లో చేసిన చట్టమును 2023 నవంబరులో నిలుపుచు, రమ్మీ, పోకరు నేర్పుటాటలగుటచేత వానికి నిషేధము వర్తింపదనెను. 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వము చేసిన చట్టము ఈ భేదమును ప్రక్కకు నెట్టి, నేర్పైనను అదృష్టమైనను ధనము పెట్టి అంతర్జాలమున ఆడు ఆటలను దేశమంతట నిషేధించినది. నాటి తీర్పు ఆటను చూచెను. ఈ చట్టము పందెమును చూచినది. నా మట్టుకు నేను రెండును సబబే యందును.

పందెము లేకుండ చీట్లాటలో పోటీ నడుపుట సాధ్యమా? సాధ్యమే. బ్రిడ్జి పోటీలలో ఒక బల్లవద్ద పంచిన ముక్కలనే తక్కిన బల్లలవద్దను పెట్టుదురు. అందఱకును అదే చెయ్యి గనుక అదృష్టము చాలవఱకు తొలగి, ఎవడు ఎట్లాడెననునదే తేలును. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ అను వంగీయులు ఈ ఆటలో మన దేశమునకు స్వర్ణపతకము తెచ్చిరి. ముక్కలు పట్టినందుకు పతకము!

మఱియొక మార్గమును 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా గణితశాస్త్రవేత్త తెఱచెను. 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అను ఆ ఆటలో పేక అందఱకును ఒకటి కాదు. ఆటగాడు చీట్లను కొని, మార్చుకొని, సేకరించి, వానినుండి తన కట్టను తానే కూర్చుకొనును. పోటీలలో సాధారణముగా కట్టకు అఱువది చీట్లకు తగ్గరాదు. కొన్ని మూలచీట్లు తప్ప ఒకే చీటి నాలుగింటికి మించరాదు. బలమునిచ్చు 'భూమి' చీట్లు ఎక్కువైనచో పోరాడువారుండరు. తక్కువైనచో పోరాడువారికి తిండి యుండదు. అఱువదింటిలో ఇరువదినాలుగు భూములనుట పలువురు పాటించు లెక్క. పోటీకి వచ్చువారిలో ఎక్కువమంది ఎట్టి కట్ట తెత్తురో ముందుగా ఊహించి దానికి విఱుగుడు కూర్చుట ఇందలి గొప్ప ఎత్తుగడ. గెలిచినవానిని గెలిచినవానితోను, ఓడినవానిని ఓడినవానితోను జతపఱచు పద్ధతిని ఈ పోటీలు చదరంగమునుండి తీసికొన్నవి. అది 1895లో స్విట్జర్లాండు నగరమగు జూరిచ్‌లో మొదట వాడబడినది. కృష్ణరాజ ఒడెయరు పదమూడు కట్టలను కూర్చెను. ఇక్కడ ప్రతి బాలుడును కృష్ణరాజే. కాని అపురూపమైన చీటికి ధర యెక్కువ. ధనికుని కట్ట బలమైనదగుచో పందెము ముందు వాకిట పోయి పెరటి వాకిట వచ్చినట్లే కదా!

ఈ గాలి మా అడవి అంచుకును సోకినది. క్రిందటి యేడు ఏడవ తరగతి బాలుని సంచిలో పోకేమాన్ చీట్లు దొరికినవి. నేను లాగికొని బల్లసొరుగులో పెట్టితిని. సాయంకాలము వాడు వచ్చి నిలుచుండెను. నలుబది చీట్లకు పైగా ఉన్నవి. ఒక్కొక్కదాని పేరు చదువగా, వాడు చూడకయే వానిమీది అంకెలను పొల్లు పోకుండ చెప్పెను. పద్యము అప్పగింపుమనిన రెండవ పాదమున నిలిచిపోవు వాడే వీడు! నేను చీట్లు ఇచ్చివేసితిని. మఱునాడు తరగతిలో రమ్మీ, గంజీఫా అనక, నల్లబల్లపై ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అని వ్రాసి, ఏ మాట ఏ ఓడలో వచ్చినదో చెప్పితిని. తెలుగు పుస్తకము తెఱచుటకు బద్ధకించు పిల్లలు వ్రాసికొనిరి. "మా యవ్వకు ఇవన్నీ తెలుసు సార్" అని ఒక బాలిక అనెను.

ఈ వ్యాసమునకై నేనొక పేకను కొంటిని. అది బడి బీరువాలోనే యున్నది. మా అమ్మకు ఇంకను చెప్పలేదు.